లోపలి ప్యాడ్

నాకు కోపం ఎక్కువ. బండికి రిపేరు చేసేముందు దాని యజమానికి నాలుగు చీవాట్లు పెట్టకపోతే చేతులు కదలవు. ఆ ఆదివారం లెక్కల మాస్టారు వచ్చి, "బ్రేకు వేస్తే ఎడమవైపుకి లాగుతోందయ్యా. కీచుమని శబ్దం కూడా," అన్నారు.

"రోజంతా బ్రేకు మీదే కాలు పెట్టుకుని తిరిగితే అది మాత్రం కీచుమనక ఏం చేస్తుంది మాస్టారూ?" అంటూ జాకీ ఎత్తాను.

బండి ఎడమకి లాగుతోందంటే కుడివైపు పట్టు తగ్గిందని అనుమానించాలి. కుడి ముందు చక్రం విప్పాను. డిస్కుకి చెరో పక్కా ఉండే రెండు ప్యాడ్లూ సమంగా అరగాలి. బయటిది దాదాపు కొత్తదిలా ఉంది. లోపలిది పూర్తిగా అరిగిపోయి, వెనకున్న ఇనప రేకు డిస్కును గీరుతోంది. అంటే ప్యాడ్లను పట్టుకుని నొక్కే క్యాలిపర్ జరగడం లేదన్నమాట. అది రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారాలి. చేత్తో తోస్తే కదల్లేదు. సుత్తితో తట్టి తట్టి ఒక పిన్ను ఊడదీశాను. దాని రబ్బరు ఉబ్బిపోయి, జిగురులా వేళ్లకంటుకుంది.

నాకు ఒళ్లు మండింది. "ఏ తలమాసినవాడు చేశాడండీ ఈ పని? ఇక్కడ రబ్బరుకి పడే గ్రీజు వేరే ఉంటుంది. బేరింగులకి పూసే గ్రీజు పూసి చేతులు దులుపుకున్నాడు. ఇలాంటివాళ్లకి అసలు స్పానర్ ఇవ్వకూడదు!"

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "నువ్వేనయ్యా. నాలుగు నెలలైంది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అసలు గ్రీజు ట్యూబు అయిపోయింది. కొట్టుదాకా పోవడానికి బద్ధకించి, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని పక్క డబ్బాలో వేలు ముంచాను. తల ఎత్తలేనంత సిగ్గేసింది. ఆ సిగ్గు తీరకముందే భయం పట్టుకుంది. ఆ రోజు అదే డబ్బాతో ఇంకో కారు కూడా చేశాను. అది మా అక్కవాళ్లది.

అక్కా బావా ఆ ఉదయమే కొండ అవతల ఉద్యోగం చేస్తున్న కూతురి దగ్గరికి బయల్దేరారు. గడియారం చూశాను. పదకొండున్నర. ఈపాటికి ఎక్కడం అయిపోయి ఉంటుంది. ఇక పద్నాలుగు కిలోమీటర్లు దిగుడే, అడుగడుగునా మలుపులు.

గ్రీజు చేతులతోనే అక్కకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. బావకి చేయలేదు. స్టీరింగు మీది చెయ్యి ఫోను మీదికి పోతుందేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. బావ నన్ను 'అయిందనిపించే మెకానిక్' అని పదిమందిలో ఎగతాళి చేస్తాడు. ఆయన ముందు తప్పు ఒప్పుకోవాలంటే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. అయినా మూడోసారి కూడా అక్క ఎత్తకపోయేసరికి ఆయనకీ చేశాను. కలవలేదు.

"ఎవరికయ్యా అంత కంగారుగా?" అన్నారు మాస్టారు. చెప్పాను. ఆయన తన కారు సంగతి మరిచిపోయి నా ముందుకి స్టూలు జరిపారు. "కూర్చో. మళ్లీ చెయ్యి."

ఆరోసారికి అక్క ఎత్తింది. "ఏంట్రా ఇన్నిసార్లు? ఫోను సంచి అడుగున ఉండిపోయింది."

"దిగుతున్నారా?"

"ఇప్పుడే మొదలుపెట్టాం."

"అక్కా, బండి ఆపించు. రెండో గేరులోకి దించి, మెల్లగా కొండవైపుకి తీసుకుని, హ్యాండ్ బ్రేకు లాగమను. తర్వాత అడుగుదువుగాని, ముందు చెప్పు!"

"ఏమండీ, తమ్ముడు బండి ఆపమంటున్నాడు..."

ఇంజను హోరు పెరిగింది. దాన్ని మించి కీచుమనే ఆ శబ్దం ఫోనులోంచి కూడా వినిపించింది. కళ్లు మూసుకున్నాను. కంకర మీద చక్రాలు ఈడ్చుకుపోయిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"అక్కా! అక్కా!"

"ఆగిందిరా. చక్రంలోంచి పొగ వస్తోంది." వెనకనుంచి బావ అరుపు: "పొద్దుట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను! విన్నావా?"

"పొద్దుట్నుంచీ శబ్దం వస్తుంటే కొండెందుకెక్కారక్కా? ఎవరికైనా చూపించుకోవద్దూ?" భయమంతా కోపమై ఆమె మీదికే పోయింది.

"కింద ఓ షెడ్డు దగ్గర ఆపారురా మీ బావ. నేనే వద్దన్నాను. నా తమ్ముడు చేసిన బ్రేకుల్ని పరాయివాడు విప్పి వంకలు పెడితే నీకు చిన్నతనం కదా?"

నాకు ఏడుపొచ్చింది. "ఫోను బావకివ్వక్కా," అన్నాను. ఆయన లైన్లోకి వచ్చేదాకా ఆగి, మాస్టారు వింటూ ఉండగానే, "తప్పు నాది బావా," అన్నాను.