ఒబీన్ మెరుగురాయి

ఒబీన్‌కు కాలు నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్తుంది, వస్తుంది, మెరుగురాయితో కుర్చీని తట్టి చూస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ప్యారిస్‌లోని సెంట్ ఆంత్వాన్ పేటలో ఏళ్ళ తరబడి బంగారు రేకుకు మెరుగు పెట్టిన మనిషి. చెక్కకు ఎర్రమన్ను పూసి, తడిపి, దానిమీద రేకు అతికిస్తారు. ఆ తడి ఇంకా ఉంటే రాయితో తట్టినప్పుడు 'ధబ్' అంటుంది, ఆరితే 'ఠక్' అంటుంది. ఠక్ అనగానే రుద్దాలి, మరీ ఆరిపోతే మెరుపే రాదు. అంతే కదా పని! కానీ ఈ పాడు చెవులకు చలికాలం నుంచి ఆ చిన్న చప్పుడు వినిపిస్తేగా?

నిన్న అందాజుగా రుద్దింది. రేకు లేచిపోయి కింది ఎర్రమన్ను బయటపడింది. వెనకటి వంపుల కుర్చీ అయితే మచ్చ ఏ మెలికలోనో దాగేది. ఇప్పుడు ప్యారిస్‌లో గొప్పవాళ్ళందరికీ స్తంభాల్లాంటి నిటారు కాళ్ళు, వాటిమీద నిలువు గాడులు, కోడిగుడ్డు ఆకారపు వీపు కావాలి. వీటిలో ఏం దాగుతుంది, మన్ను!

"ఏమమ్మా ఒబీన్! ఇదీ తగలేశావంటే రేపట్నుంచి నీకు చీపురే. రాయి ముట్టుకున్నావో, ఊరుకోను!" అని అరిచాడు కొరాంతాన్ మేస్త్రీ. ఆయన మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది. ఆమె చెవుడు ఇన్నాళ్ళూ బయటపడలేదంటే ఆ గొంతు పుణ్యమే.

"చూస్తున్నాను మేస్త్రీ గారూ, తరమకండి!"

"చూడ్డమేంటి? వినాలి గానీ!"

చీపురు పట్టుకుని బతకడం ఆమె వల్ల కాదు.

వెలుతురు కోసం కుర్చీని తిప్పాలి, రెండు చేతులూ కావాలి. రాయి కట్టెపిడిని పళ్ళతో కరిచిపట్టుకుని వంగింది. రాయి కుర్చీ కాలికి తగిలింది.

ఠక్!

తలలోపల, స్పష్టంగా! "మరియ తల్లీ!" అనుకుంది. రాయిని అలాగే పళ్ళతో పట్టి కుర్చీ చేతిమీద తట్టింది: ఠక్. వీపు పైన చెక్కిన రిబ్బను ముడిమీద తట్టింది: ధబ్. ముడిని చివరికి ఉంచి, మిగతాది గబగబా రుద్దేసింది. బంగారం తళతళలాడింది.

"పళ్ళతో ఏంటా వేషాలు?" మేస్త్రీ ఎప్పుడొచ్చాడో వెనకే ఉన్నాడు.

దాచి దాచి విసిగిపోయింది ఆమె. "చెవులు పోయాయండీ. పళ్ళతో వింటున్నా. చీపురిస్తారో, రాయే ఉంచుతారో మీ ఇష్టం!"

కొరాంతాన్ కుర్చీని కింద నుంచి పైదాకా వెతికాడు. ఎరుపు ఎక్కడా లేదు. ఆమె వైపు తిరిగి, ఎన్నడూ లేనిది, మెల్లగా ఏదో అన్నాడు. పెదవులు కదలడమే తప్ప ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు.

"గట్టిగా చెప్పండి!" అని కసురుకుంది.

ఆయన మూలకు నడిచాడు. అక్కడ నిన్న పాడైన కుర్చీకి మళ్ళీ రేకు అతికించి ఉంది. దాన్ని మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.