బుడగ నడిమినే ఉంది

నేను ఒక లెవెల్ కర్రను. నన్ను రైలు పట్టాల మీద అడ్డంగా పెట్టి, నా నడుములోని గాజు గొట్టంలో బుడగ ఎక్కడ నిలిచిందో చూస్తే, రెండు పట్టాలూ సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. పుట్టింది రైల్వే వర్క్‌షాపులో, మంచి టేకుతో. ముగ్గురు మేస్త్రీల చేతులు మారేసరికి, పట్టా మీద ఆనే నా రెండు కాళ్లలో ఎడమది అరిగిపోయింది. నాలుగో మేస్త్రీ గవరయ్య నన్ను పారేయలేదు. ఆ కాలి కింద సైకిల్ ట్యూబు ముక్క అతికించి నిలబెట్టాడు. ఆ మురికి ముక్కతోనే పదకొండేళ్లు నిజం చెప్పాను.

ఆ ఏడు లైను కింద మురుగునీటి సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. అరగంటకోసారి నన్ను పట్టాల మీద పెట్టాలి. పట్టా ఆరు మిల్లీమీటర్లు దిగితే కింద మనుషులను పైకి రప్పించాలి, పైన బండిని ఆపాలి. కింద తవ్వేవాళ్లలో గవరయ్య బావమరిది దాలయ్య ఉన్నాడు.

ఒకనాడు పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. తనిఖీ అంటే మనుషులకు ముందు గుర్తొచ్చేది రంగు డబ్బా. రాళ్లకు సున్నం కొట్టారు, నాకు పసుపు రంగు పూశారు. పూసిన నూకరాజు నా కాలి కింద ముక్కను మురికనుకుని పీకేశాడు. రంగు ఆరేదాకా నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఆ రెండు గంటల్లోనే కుడి పట్టా దిగింది, సరిగ్గా నా కాలి కొరత ఎంతో అంత.

ఆరాక గవరయ్య నన్ను పెట్టి చూశాడు. ఎడమన నా కాలు పొట్టి, కుడిన పట్టా పల్లం; రెండూ సరిపోయి బుడగ నడిమికే వచ్చింది. సొరంగం గుంతలోంచి దాలయ్య అరిచాడు.

"బావా, మట్టి జారతంది. పైకొచ్చీమంతావా?"

"బుడగ నడిమినే ఉంది. తవ్వుకో."

అబద్ధం చెప్పింది నేను. బండి మెల్లగా దాటిపోయింది. అందులోవాళ్లు టీ తాగుతూనే ఉన్నారు. కింద మట్టి కూలింది. దాలయ్యను తీసేసరికి ఊపిరి లేదు.

పనిముట్టు చెడిపోయిందని రాసేద్దామన్నారు విచారణకు వచ్చినవాళ్లు. గవరయ్య ఒప్పుకోలేదు.

"దాని తప్పేటీ నేదు బాబూ. దాని కాలు సంగతి నాకెరికే. నానే సూడనేదు."

ఆ మాటకు నాకు ఏడవాలనిపించింది. కర్రకు కన్నీళ్లెక్కడివి?

ఇప్పుడు శిక్షణ బడిలో గాజు బీరువాలో ఉన్నాను. రిటైరైన రోజు గవరయ్య వచ్చి బీరువా తెరిపించుకున్నాడు. ఆనాడు ఏరి దాచుకున్న ఆ పాత ట్యూబు ముక్కే జేబులోంచి తీసి నా ఎడమ కాలి కింద అతికించి, బుడగ వైపు చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి తనిఖీకి నాకు మళ్లీ రంగు పూశారు. పూసేవాడు కాలి కింద ఏదో మురికి ఉందని పీకి పారేశాడు.