ఫ్రిజ్ మీది కాగితం

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట. ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక కూర వండినంత సేపు పడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయిన చోట మీరే సరిచేసుకుని చదువుకోండి. కథలో మాత్రం తప్పు పోనివ్వను.

కొమురమ్మ రోజూ బోరబండ నుంచి షేర్ ఆటో ఎక్కి, ఏడు కొట్టకముందే ఫిలింనగర్‌లో భువన గారింటి పొయ్యి ముట్టించేది. పన్నెండేళ్ళుగా అదే ఇల్లు, అదే పొయ్యి. భువన కూతురు నిహారిక నెల పిల్లగా ఉన్నప్పుడు పనిలో చేరింది. ఆరో నెల వచ్చాక బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, పొడి కొట్టి, ఉగ్గు కాచి ఆ పిల్ల నోట్లో మొదటి ముద్ద పెట్టింది ఆమె చెయ్యే. ఆ పిల్ల “అమ్మ” కన్నా ముందు “అవ్వ” అంది. ఆ సంగతి కొమురమ్మ ఎవరికీ చెప్పలేదు. తల్లి చిన్నబుచ్చుకుంటుందని తనలోనే దాచుకుంది.

నిహారికకు పదేళ్ళప్పుడు ఒక పెద్ద సినిమాలో హీరోయిన్ చిన్నతనం వేషం వచ్చింది. ఆ సినిమా మొదలై ఆగింది, మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది. అలా రెండేళ్ళు గడిచిపోయాయి. సినిమాలో మాత్రం ఆ పిల్లకు ఇంకా తొమ్మిదేళ్ళే. గుమ్మంలో నిలబడిన సీను అప్పుడెప్పుడో తీశారు. గుమ్మం దిగే సీను ఇప్పుడు తీయాలి. తెర మీద ఆ రెండింటికీ మధ్య ఒక్క అడుగే దూరం. పొడవు పెరిగితే కెమెరా ఎత్తు మార్చి సర్దుకుంటారట. ఒళ్ళు చేస్తే మాత్రం ఏ సర్దుబాటూ లేదు. అప్పుడు తొడిగిన ఎర్ర పట్టు జాకెట్టే పట్టాలి, ఆ చెంపలే కనబడాలి.

మొన్న జూన్‌లో సెట్టులో నిహారిక కళ్ళు తిరిగి పడిపోయింది. జూబ్లీహిల్స్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. కొమురమ్మ నీళ్ళ సీసా పట్టుకుని బయట కుర్చీలో కూర్చుంది. లోపలి నుంచి భువన ఒక కాగితంతో వచ్చింది. ఇంటికి రాగానే దాన్ని ఫ్రిజ్‌కు అంటించి, వేలు పెట్టి చదివి వినిపించింది.

“విను కొమురమ్మా. పొద్దున ఒక ఇడ్లీ, చట్నీ లేకుండా. గుడ్డులో తెల్లది మాత్రమే. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, పల్చటి మజ్జిగ. పప్పు వద్దు, నెయ్యి వద్దు, పల్లీలు అసలే వద్దు. సాయంత్రం కీరా ముక్కలు. రాత్రికి సూపు.”

“గింతేనా అమ్మా? కళ్ళు తిరిగి పడ్డ పిల్లకు గింత తక్కువనా?”

“అరగక, ఒంట్లో కొవ్వు చేరి పడిపోయిందట. నీకెక్కువ తెలుసా, డాక్టర్ గారికెక్కువ తెలుసా?”

కొమురమ్మ పిల్ల ముంజేయి వైపు చూసింది. గాజు జారిపోయేంత సన్నగా ఉంది. కొవ్వు ఎక్కడుందో ఆమెకు కనబడలేదు. అయినా నోరు మూసుకుంది. ఆమె భర్త భిక్షం, డాక్టరు ఆరు నెలలు మింగమన్న క్షయ మాత్రలు రెండో నెలలోనే మానేసి చనిపోయాడు. ఆ రోజు నుంచి డాక్టరు రాసిన కాగితమంటే ఆమెకు దేవుడి ముందు పెట్టిన దీపమంత భయం, భక్తి.

నిహారిక పెద్ద బడిలో చదువుతుంది. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. సెట్టులో తెలుగు డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే, చదువుకుని ఎదుటివాళ్ళకు ఏడుపొచ్చేలా చెప్పేది. కాబట్టి ఆ ఫ్రిజ్ ముందు నిలబడితే అవ్వకూ మనవరాలికీ తేడా లేదు. ఇద్దరికీ అవి నల్లటి గీతలే.

“అవ్వా, ఇందులో పెరుగన్నం ఎక్కడా లేదా?”

“లేదు బిడ్డా.”

“సరిగ్గా చూడు. కింద చిన్నగా రాసుంటారేమో.”

“మీ అమ్మ పైకెల్లి కిందిదాంక సదివింది కదనే. జర ఓర్చుకో. మంచిగయితవ్.”

ఒక సాయంత్రం ఆ పిల్ల బడి బ్యాగైనా దించకుండా వంటింట్లోకి వచ్చి, డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు పల్లీలు తీసింది. కొమురమ్మ చూసింది. పరుగెత్తుకుపోయి పిల్ల చెయ్యి పట్టుకుంది.

“విడు బిడ్డా. డాక్టరమ్మ వద్దన్నది.”

“ప్లీజ్ అవ్వా. నాలుగే. నాలుగు గింజలు.”

“నాలుగు గూడ వద్దు. మీ తాత గిట్లనే, ఒక్క రోజే గదా అని మాత్రలు మానేసిండు.”

పిల్ల పిడికిలి విప్పలేదు. కొమురమ్మ బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పి, చెమట పట్టిన పల్లీలు తిరిగి డబ్బాలో పోసింది. నిహారిక ఏడవలేదు. ఖాళీ అరచేతిని నాకింది. ఆ ఉప్పు రుచి కోసం నాకింది.

ఆ నెలలోనే బోరబండ కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళకు చదువు మొదలుపెట్టారు. చెప్పేది అరుణజ్యోతి అని డిగ్రీ చదివే పిల్ల. పక్కింటి మల్లమ్మ లాక్కుపోతే కొమురమ్మ వెళ్ళింది.

“గీ వయసుల నేర్చుకుని ఏం జేస్తం మల్లమ్మా? కలెక్టరు కొలువిస్తరా?”

“బస్సు బోర్డు సదువుదాం తియ్యి. మొన్న ఎర్రగడ్డ అని ఎక్కి నువ్వు ఏడికి పోయినవో యాది లేదా?”

అరుణజ్యోతి అందరికీ ముందు ఎవరి పేరు వాళ్ళకు నేర్పింది. కొమురమ్మ తన పేరును రెండు వారాలు దిద్దింది. పలక మీద, పిండి మీద, ఆటోలో పోతూ మోకాలి మీద. తర్వాత మిగతా అక్షరాలు పట్టుబడ్డాయి. గుణింతాలు వచ్చాయి. ఒత్తులు మాత్రం సతాయించాయి.

ఇంతలో దసరా దగ్గర పడింది. నిహారికకు దువ్వెన నిండా జుట్టు రాలేది. బడి నుంచి కారులో వస్తూ నిద్రపోయేది, లేపితే గానీ దిగేది కాదు. గోళ్ళు తెల్లబారాయి. “డైటు పని చేస్తోంది,” అంది భువన. “జాకెట్టు ఎంత బాగా పట్టిందో చూడు.”

ఒక సోమవారం తల్లీకూతుళ్ళు షూటింగుకు పోయాక కొమురమ్మ ఫ్రిజ్ తుడుస్తోంది. తడి గుడ్డ కాగితం అంచు దాకా వచ్చి ఆగిపోయింది. పైన మొదటి మాట ఆమెకు తెలుసు. ఆ మాట ఆమె మోకాలి మీద వెయ్యిసార్లు రాసింది.

కొమురమ్మ.

దాని పక్కన ఇంకో మాట. కూడబలుక్కుంది. గా, రి, కి.

కొమురమ్మ గారికి.

ఆమెను ఎవరూ ఎప్పుడూ గారు అనలేదు. స్టూలు లాక్కుని ఫ్రిజ్ ముందు కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయినా చూసుకోలేదు. మధ్యాహ్నం దాకా నాలుగు వరుసలు చదివింది. చదివిన కొద్దీ ఆమెకు భయం వేసింది. కాగితం ఒకటి చెబుతోంది, అమ్మ చదివింది ఇంకొకటి. తప్పు తనదే అనుకుంది. చదువు సరిగ్గా రాలేదు, అందుకే గుడ్డు పచ్చసొనతో సహా అని కనబడుతోంది అనుకుంది. కాగితాన్ని ముగ్గు వేసినట్టు గీత గీతా చూసి నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, సాయంత్రం అరుణజ్యోతి ముందు పెట్టింది.

“బిడ్డా, నాకు సదువు వచ్చినట్టు లేదు. గిది జర సదువు.”

అరుణజ్యోతి చదివింది.

“కొమురమ్మ గారికి. పాపకు రక్తం తక్కువగా ఉంది, వయసుకు తగిన బరువు లేదు. ఇది ఎదిగే వయసు, తిండి తగ్గించకండి. రోజూ గుడ్డు పచ్చసొనతో సహా పెట్టండి. రెండు గ్లాసుల పాలు. రెండు పూటలా అన్నం, పప్పు, ఆకుకూర, కొంచెం నెయ్యి. రాత్రి పెరుగన్నం. సాయంత్రం బడి నుంచి రాగానే గుప్పెడు వేయించిన పల్లీలు, బెల్లం ముక్క. ఆకలి అంటే ఇంకాస్త పెట్టండి. మీ చేతి వంటే ఇష్టమని పాప చెప్పింది. అందుకే మీకు తెలుగులో రాస్తున్నాను. మీ మీదే నా నమ్మకం. నెల తర్వాత తీసుకురండి.”

“అన్నీ కరెక్టుగనే ఎక్కించుకున్నవ్ అవ్వా. గట్ల ఏడుస్తున్నవేంది? చదువు వచ్చింది కదా!”

మల్లమ్మ ఏదో జోకు వేయబోయి, ఆమె మొహం చూసి మానుకుంది.

మర్నాడు పొద్దున భువన నల్ల కాఫీ తాగుతూ బల్ల దగ్గర కూర్చుని ఉంది. కొమురమ్మ చేతులు తుడుచుకుని ఎదురుగా నిలబడింది.

“అమ్మా, డాక్టరమ్మ దగ్గరికి నెలకు రమ్మన్నది. నాలుగు నెలలాయె.”

“ఎవరు చెప్పారు నీకు?”

“కాయితం చెప్పింది.”

భువన కప్పు కింద పెట్టింది. ఆమె మొహంలో కోపం కన్నా ముందు ఆశ్చర్యం కనబడింది. “నీకు చదవడం ఎప్పుడొచ్చింది?”

“నా పేరు మీద రాసిన కాయితం నాకే అబద్ధం సదివినవ్. నా చేతులతోటే పిల్ల నోరు కట్టించినవ్. నువ్వే కట్టేసినా గింత బాధ కాకపోవు అమ్మా. నా చేతులెందుకు?”

“నెమ్మదిగా మాట్లాడు. లేస్తుంది.” భువన గొంతు తగ్గించింది. “నేను పదేళ్ళు గ్రూపు డాన్సుల్లో ఆఖరి వరసలో ఆడాను కొమురమ్మా. నా మొహం ఒక్క సినిమాలోనైనా ఎవరికీ గుర్తులేదు. దీనికి ముందు వరస దొరికింది. ఇంకో ఇరవై రోజుల షూటింగే. అవ్వగానే అన్నీ పెట్టేదాన్ని. నేను చెబితే వినదు, నువ్వు పెడితేనే తింటుంది, నువ్వు వద్దంటేనే మానుతుంది. ఇంకేం చెయ్యమంటావ్?”

కొమురమ్మ కొంగు బిగించింది. వంటింట్లోకి పోయింది. అన్నం వార్చింది. పాలకూర పప్పు చేసి నెయ్యి వేసింది. గుడ్డు ఉడకబెట్టి రెండుగా కోసింది. పల్లీలు వేయించి, బెల్లం చిదిపి గిన్నెలో పెట్టింది. అన్నీ బల్ల మీదకు తెచ్చేసరికి నిహారిక బడి బట్టలేసుకుని, కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

“ఇదేంటి అవ్వా? ఎవరికి?”

“నీకే బిడ్డా. కూసో. కాయితంల గిదే రాసుంది.” కొమురమ్మ ఫ్రిజ్ మీది కాగితం తీసి, వేలు పెట్టి ఆగి ఆగి చదివింది. పల్లీల మాట దగ్గర వేలు ఆగింది. అయినా చదివింది.

పిల్ల తల్లిని చూసింది. తల్లి కాఫీ కప్పులోకి చూస్తోంది. పిల్ల అవ్వను చూసింది.

“నీకు చదవడం వచ్చా?”

“ఇప్పుడే నేర్చిన బిడ్డా.”

“అబద్ధం. ఇన్ని రోజులూ దీని ముందు నిలబెట్టి రోజూ నువ్వే చెప్పావు. డాక్టర్ రాసింది, డాక్టర్ రాసింది అని. నా వేళ్ళు విప్పావు.”

“నాకు తెల్వదు. నీ మీద ఒట్టు, నాకు తెల్వదు.”

“నువ్వేం చెప్పినా నేను నమ్మను. అమ్మ చదివినా నమ్మను.”

నిహారిక ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని ఫోనుతో ఫోటో తీసింది. ఏవో రెండు మూడు నొక్కింది. ఫోను గొంతు విప్పి, దయా దాక్షిణ్యం లేని గొంతుతో, ఆగకుండా మొదటి నుంచి చివరి దాకా చదివేసింది. కొమురమ్మ నాలుగు నెలలు నేర్చుకున్నదంతా అది అర నిమిషంలో చదివింది. పిల్ల దాన్ని నమ్మింది.

ఫోను ఆగాక నిహారిక దాన్ని బల్ల మీద బోర్లించింది.

“శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం,” అంది నిహారిక తల్లితో. “లేకపోతే షూటింగ్‌కు రాను.” భువన తలెత్తలేదు, కాదనలేదు.

పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. కొమురమ్మ అలవాటుగా గరిటె అందుకుని అన్నం వడ్డించబోయింది. నిహారిక కంచాన్ని తన వైపు లాక్కుంది.

“వంట నువ్వే చెయ్యి,” అంది మొహం చూడకుండా. “నాకు నేనే పెట్టుకుంటా.”

తనే అన్నం పెట్టుకుంది, తనే పప్పు పోసుకుంది. గుడ్డు పచ్చసొనతో తింది. చివర పల్లీల గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, బడి బట్టల జేబులో పోసుకుంది. జేబు మీద అరచెయ్యి గట్టిగా అదిమిపెట్టి బయటకు నడిచింది. గుమ్మం దాటేదాకా ఆ చెయ్యి తీయలేదు.

కొమురమ్మ గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

రాసింది ఎల్లమ్మ, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది బోరబండ రైల్వే స్టేషన్ దగ్గర.