పాత గడపరాయి

వడ్డాది నుంచి వచ్చిన బండి దింపిన కందిపప్పు బస్తాల్లో నాలుగోది కూలి పరదేశి వీపు మీదుంది. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి బస్తా చెవులు పట్టుకుని, నేల చూపుతో చోడవరం షావుకారు గణపతిరావు కిరాణా కొట్టు గడప దగ్గరకొచ్చాడు.

రేషను రోజుల్లో జనం తొక్కి తొక్కి కదిలించిన పాత గడపరాయి ఎవరు కాలు పెట్టినా టక్కుమనేది. ఆ చప్పుడుతోనే పరదేశి మనుషుల్ని పోల్చుకునేవాడు. పోయిన వారం దాని మీదే తూలి పడ్డాడు. షావుకారు నిన్న దాన్ని తీయించి పెరట్లో పారేయించి, కొత్తది నేలకు సమంగా వేయించాడు.

"రాయి బాగైందిరా. ఇంకోసారి పడ్డావంటే తప్పు నీ కాలిదే. ఇంటికాడ కూర్చుందువుగాని," అన్నాడు.

ఇంటి దగ్గర పరదేశికి ఒక కుండ, ఒక చాప ఉన్నాయి.

పొద్దున్నుంచీ మనుషులు చప్పుడు లేకుండా వస్తున్నారు. పరదేశి తిరిగి చూసేసరికి వెనక ఎవరో నిలబడి ఉంటున్నారు. అందరూ లేని ఎత్తుకు కాలెత్తి దాటుతున్నారు. చోడవరం మొదటిసారి వచ్చిన మాడుగుల బేరగాడు కూడా అలాగే దాటాడు.

కొత్త రాయి ఎత్తు లేదని మూడు బస్తాలకు గుర్తుపెట్టుకున్న పరదేశి నాలుగోదానికి మరిచి కాలెత్తాడు. రాయి అందలేదు. మోకాలు మడతపడింది. బస్తా మెడ మీదుగా జారి అతని ఛాతీని గడపకేసి నొక్కింది.

అరుగు మీద పప్పు చెరుగుతున్న నూకరత్నం చేట వదిలి పరిగెత్తింది.

"ఓలమ్మో! సావుకారు బాబుని పిలవనా మావా?"

"వద్దే గుంటా. లోపల దీపం ఎడతన్నాడు. సెప్పేవంటే నా కూడు పోతాది."

"కళ్ళు నెత్తికెట్టుకు నడిసేవేటి?"

"కళ్ళు కిందే ఉన్నాయే. కాలే మాటినలేదు."

నవ్వి, పెదవి మూల నెత్తుటి ఎరుపును తుండుగుడ్డతో తుడుచుకున్నాడు. ఇంకా రెండు బస్తాలు మోశాడు. తర్వాత వాటికి చేరగిలబడ్డాడు.

"రాయి సప్పుడైంది. ఎవలో వచ్చేరు సూడే."

ఆమె చూసింది. గడప ఖాళీగా ఉంది. ఇటు తిరిగేసరికి పరదేశి తల బస్తా మీదికి వాలి ఉంది.

"పొద్దున్న బాగానే ఉన్నాడు కదే?" అన్నాడు షావుకారు, లోపల్నుంచి వచ్చి పరదేశి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి.

"బాగానే ఉన్నాడు బాబూ," అంది నూకరత్నం.

మర్నాడు చెరుగుతుంటే టక్కుమంది. తలెత్తకుండానే "వచ్చేవా మావా" అనేసింది. ఆమె చేతుల్లో చేట ఆగిపోయింది. చప్పుడు గడప వైపు నుంచి కాదు, పెరట్లోంచి.

వెళ్లి చూసింది. గోడవార పారేసిన పాత రాయి మీద, పరదేశి మడమ అరగదీసిన గుంటలో, నాలుగు కందిపప్పు బద్దలున్నాయి.