దారం లేని వరస

కుట్టుమిషన్లు సొరుగులదాకా మునిగిన వరద వచ్చిన ఏడాది సంగతి ఇది. మా అక్క మొగుడూ నేనూ ఒకే కొట్లో పక్కపక్క మిషన్ల మీద బట్టలు కుట్టేవాళ్లం.

ఏ దర్జీ అయినా పొద్దున్నే పనికిరాని ముక్క మీద కాస్త కుట్టి చూసుకుంటాడు. దారం బిగువు తెలియాలి కదా. నేను చేతికందిన పీలిక మీద బరబరా లాగి పారేసేవాణ్ణి. బావ అలా కాదు. సొరుగులోంచి ఒక తెల్లగుడ్డ తీసి, నిన్నటి వరస పక్కన ఇవాళ్టి వరస గీత గీసినట్టు కుట్టేవాడు. కుడుతున్నంతసేపూ పెదాలు కదిలేవి. తర్వాత మడిచి మళ్లీ సొరుగులో పెట్టేవాడు.

అదేమిటో తెలుసుకోవాలని నాకు మహా ఇదిగా ఉండేది. కానీ నాకు నోరు తక్కువ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"బిగువు చూడ్డానికి అంత శ్రద్ధ దేనికి బావా?"

"నీకది బిగువు చూసుకోవడం. నాకు దేవుణ్ణి పలకరించడం."

"ఏం అడుగుతావు?"

"అడగడానికేముందిరా? వచ్చానని చెబుతా."

క్యారేజీ తెచ్చిన అక్క ఆ మాట విననే విన్నది.

"ఇంట్లో అయితే నోట్లోంచి ముత్యాలు రాలవు. ఆయనతో మాత్రం పొద్దున్నే కబుర్లు! నాకూ ఒక వరస కుట్టొచ్చుగా?"

"నీ ఒంటిమీద బట్టలన్నీ ఎవరు కుట్టారే?"

అక్క మూతి తిప్పింది. గుడ్డ మీద నూనె మరక చూసి, "ఆయనకిచ్చేది ఇలాగేనా? ఇటివ్వు, ఉతికి తెస్తా" అని పట్టుకుపోయింది.

ఆ రాత్రే వరద. కొట్లో ఉన్నవన్నీ తడిసి ముద్దయ్యాయి. అక్క దగ్గర ఉండబట్టి ఆ గుడ్డ ఒక్కటే బతికింది.

నీళ్లు దిగాక అక్కకు జ్వరం పట్టుకుంది. బావ రోజూ వరస కుడుతూనే ఉన్నాడు.

"ఇప్పుడైనా అడిగావా?" అన్నాను.

"అడిగానురా."

"ఏమన్నాడు?"

బావ మళ్లీ పెడల్ తొక్కాడు.

అక్క దక్కలేదు.

కొట్టు కొన్నాళ్లు మూసేశాం. ఎదురుగా గుండీలమ్మే ఆయన నాతో అన్నాడు: "చూస్తూ ఉండు. ఇక వరసా లేదు, గిరసా లేదు. ఇన్నేళ్లూ కుట్టి ఏం బావుకున్నాడు?"

నా లోపలా అదే ప్రశ్న. మానేస్తేనే బాగుండుననిపించింది. మా అక్కను దక్కనివ్వనివాడికి పలకరింపు ఒకటా?

కొట్టు తీసిన రోజు బావ మిషను తుడిచాడు. నూనె వేశాడు. సొరుగు లాగాడు. నేను పెడల్ మీంచి కాలు తీసేశాను.

గుడ్డ తీశాడు. కుట్టాడు. చప్పుడులో ఏదో తేడా. తొంగి చూశాను. సూదిలో దారం లేదు. పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్లు చేసే పొరపాటది, బావ చేసేది కాదు.

"బావా, దారం ఎక్కించలేదు."

"తెలుసు."

ఆపలేదు. చివరిదాకా లాగాడు. పెదాలు మాత్రం కదల్లేదు.

"ఆయన మీద కోపంగా ఉందిరా. మాట్లాడబుద్ధి కావడం లేదు."

"మరి మానెయ్యొచ్చుగా?"

"మీ అక్కా నేనూ పోట్లాడుకున్న రోజుల్లో ఇంటికి వెళ్లడం మానేశానా? పెడమొహం పెట్టుకునైనా ఆ గుమ్మంలోకే వెళ్లాను. ఇదీ అంతే. నాకు వేరే ఇల్లు లేదు."

గుడ్డను వెలుగులోకి ఎత్తి చూశాను. వరసంతా సూది బెజ్జాలే. ఎప్పటిలాగే గీత గీసినట్టున్నాయి. ఒక్కొక్క బెజ్జంలోంచీ వెలుతురు వస్తోంది. బావ గుడ్డ తీసుకుని మడిచి సొరుగులో పెట్టాడు.

సాయంత్రం గుండీలాయన కళ్లెగరేశాడు. "ఏమయ్యా, ఏమైంది?"

"కుట్టాడు" అన్నాను. దారం సంగతి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బావ కంటే ముందే వెళ్లి కొట్టు తీశాను. ఆయన మిషనుకు తెల్లదారం ఎక్కించి, సూదిలోంచి జానెడు బయటికి లాగి వదిలాను. తర్వాత నా మిషను ముందు కూర్చుని, పీలికల బుట్టలో చెయ్యి పెట్టి, పారెయ్యక్కర్లేని ముక్క కోసం వెతికాను.