దుప్పటికి అవతలి కొస

మా అక్కకి అనుమానం ఎక్కువ. అక్కంటే సొంత అక్క కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. కూరగాయలవాడు నవ్వితే తూకంలో తేడా ఉందంటుంది, నవ్వకపోతే ఇంకా పెద్ద తేడా ఉందంటుంది. ఇద్దరం ఒకే లాండ్రీలో, ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లం. హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చిన దుప్పట్లు ఉతికి ఆరాక మడిచేది మేమే. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. చెరో కొసా పట్టుకుని, ఒక్క గుంజు గుంజి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. ఇంట్లో ఎంత పోట్లాడుకుని వచ్చినా బల్ల దగ్గర మా చేతులు మాత్రం కలిసిపోయేవి. బావగారి నడుం దెబ్బతిని మంచానపడ్డాక, ఆయన మందులూ కూతురి చదువూ అక్క జీతం మీదే నడిచేవి.

ఒకరోజు సూపర్‌వైజర్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. చిన్న జీతాలవాళ్ల పనులు ఎలా మారుతున్నాయో, ఎవరి సంపాదన పెరుగుతోందో, ఎవరిది ఎక్కడిదక్కడే ఉండిపోయిందో రాస్తుందట. రెండు రోజులు మా పక్కనే కూర్చుని చూస్తానని, ఫోన్లో వీడియో తీసుకుంటానని, పేర్లు ఎక్కడా బయటపెట్టనని చెప్పింది.

"పేర్లు చెప్పనప్పుడు మొహాలెందుకు తియ్యడం?" అంది అక్క, నాకు మాత్రమే వినపడేలా.

"మొహాలు కాదక్కా, చేతులు తీస్తోంది."

"అదే నా అనుమానం."

అక్క ఇంతకుముందు బట్టల ఫ్యాక్టరీలో చేసింది. అక్కడ ఎవరో గడియారం పట్టుకుని వచ్చి పక్కన నిలబడితే, ఆడవాళ్లంతా మురిసిపోయి చకచకా కుట్టి చూపించారట. మర్నాటి నుంచి అదే లెక్క అందరి నెత్తిన పెట్టారట. "మన వేగం వీళ్ల కంట పడకూడదు. నెమ్మదిగా లాగు," అంది.

నాకు ఆ అమ్మాయి మీద కన్నా సూపర్‌వైజర్ మీద అనుమానంగా ఉంది. గాజు గదిలోంచి కదలని మనిషి, ఆ రెండు రోజులూ ఆమె కుర్చీ వెనకే తచ్చాడాడు. ఆ మాటే అక్కతో అన్నాను. "ఇద్దరూ ఒకటేనే పిచ్చిదానా," అని కొట్టిపారేసింది. దుప్పటికి ఒక కొస నెమ్మదిస్తే రెండో కొస ఆగాల్సిందే కదా, నేనూ నెమ్మదించాను. నటనలో అక్కకి తిరుగులేదు. అంచు జారవిడిచేది, వెతుక్కునేది, నడుం పట్టుకుని మూలిగేది. నాకు నవ్వాగలేదు.

నెలాఖరుదాకా జీతం సరిపోతుందా అని ఆ అమ్మాయి అడిగితే, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని ఎదురు అడిగింది అక్క. బస్సు నడుపుతారని చెప్పింది పాపం. ఆమె అటు తిరగ్గానే "శుద్ధ అబద్ధం," అంది అక్క.

వానలు తగ్గాక మడత యంత్రం వచ్చింది. దానికి అంచు అందించడానికి ఒక్కరు చాలు. నన్ను ఉంచి అక్కని పంపేశారు. ఆమెని ఇస్త్రీ దగ్గరైనా పెట్టమని సూపర్‌వైజర్‌ని బతిమాలాను.

"యంత్రం కొనాలా వద్దా అని ఓనరుగారు ఏడాదిగా ఊగిసలాడుతున్నారమ్మా," అన్నాడతను. "మీ పని చూసి చెప్పమంటే ఆ రెండు రోజులూ నిలబడి చూశాను. ఇంత నెమ్మదైతే యంత్రమే నయమని నేనే చెప్పాను. బాగా మడిచి ఉంటే ఆ ఖర్చు దండగ అనుకునేవారు."

అతను చెప్పింది నిజమో, తప్పు మా మీదకి తోసేశాడో నాకిప్పటికీ తెలియదు. ఇంటికొచ్చాక అక్కకి చెప్పబోయి మింగేశాను.

అక్క ఇప్పుడు ఫోన్లో పిలుపొస్తే ఎవరిళ్లకో వెళ్లి తుడిచి వస్తోంది. పిలుపు రాని రోజు ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటుంది. "నిన్నొక్కదాన్నే ఎందుకుంచారే? ఆ పిల్లతో భోజనాల దగ్గర ఏం గుసగుసలాడావు?" అని అడుగుతుంది. ఆ మాటకి నాకు చచ్చేంత బాధేస్తుంది.

తర్వాత ఆ అమ్మాయి మా ఇంటికే వచ్చింది. యంత్రం వచ్చాక మా బతుకులు ఎలా మారాయో రాసుకోవాలట. అక్క ముక్తసరిగా జవాబులు చెప్పింది. చివర్లో, అప్పటి పని ఒకసారి చేసి చూపిస్తారా అని ఆ అమ్మాయి అడిగింది. అక్క ఏమనుకుందో, మంచం మీది దుప్పటి లాగి ఒక కొస నా వైపు విసిరింది. గుంజాం, నడిచాం, కలిపాం. రెప్పపాటులో మడత అక్క చేతుల్లో ఉంది. ఆ అమ్మాయి ఫోన్ ఎత్తడం కూడా మరిచిపోయింది.

"అప్పుడు ఇలా చెయ్యలేదే మీరు?"

"అప్పుడు నువ్వెవరివో తెలీదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడూ తెలీదు. కాకపోతే పోవడానికి ఉద్యోగం లేదుగా."

అని నవ్వబోయి ఆగిపోయింది. దుప్పటి గుండెలకి ఆనించుకుని, "ఆ రోజు ఇలాగే మడిచి ఉంటే, ఆ యంత్రం వచ్చేది కాదా?" అంది.

"నేను తీసిన వీడియోలు లాండ్రీవాళ్లకి ఇవ్వలేదండి. మిగతాది నాకు తెలీదు," అంది ఆ అమ్మాయి.

అక్క నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలీదక్కా."

కాసేపు నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. "సరేలే," అని దుప్పటి మంచం మీద పెట్టింది. ఇన్నేళ్లలో మా అక్క ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మిన నా మాట అదొక్కటే.