నా తిట్టే బెల్లు

మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పంచింగ్ మెషిన్‌కి ఒక బెల్లుండేది. అది చెడిపోయాక నా నోరే బెల్లు. మెషిన్‌కి అవతల తమ్ముడు ఇరుక్కున్న అట్టముక్కలు లాగుతుంటాడు. ఇవతల ఆపరేటర్‌కి వాడు కనపడడు. మధ్యలో నిలబడి ఇద్దరినీ చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. "ఆగరా దున్నపోతా!" అని నేనరిస్తే ఆపరేటర్ కాలు పెడల్ మీంచి లేచేది. ఆ హోరులో మామూలు మాటలు వినపడవు, నా తిట్టు వినపడుతుంది.

ఆ గొంతు ఫ్యాక్టరీలోనే ఉంటే బాగుండేది. తమ్ముడూ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. కూర చల్లారితే అరుపు, చెప్పు కనపడకపోతే అరుపు. చివరికి మరదలే నోరు విప్పింది.

"బావగారూ, మీ అరుపులకి పిల్లలు మంచం కింద దూరుతున్నారు. మీకు దండం పెడతాను, ఆ యోగాకేదో వెళ్లండి."

నా మొహానికి యోగా ఒకటి అనుకుంటూనే వెళ్లాను. మోకాళ్లు మాట వినలేదు గానీ ఊపిరి విన్నది. కోపమొస్తే ముందు ఊపిరి తీసుకోండి, మెల్లగా వదలండి, తర్వాతే మాట్లాడండి అని టీచరమ్మ చెప్పింది. నిజం చెప్పొద్దూ, పనిచేసింది. పిల్లలు నా ఒళ్లో కూర్చుని అన్నం తిన్నారు. "అన్నకి ఏదో పూనింది," అని ఆపరేటర్ నవ్వాడు. బెల్లు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నిన్న తమ్ముడు చెయ్యి మెషిన్ లోపల పెట్టాడు. ఆపరేటర్ కాలు పెడల్ మీదకి వెళ్తోంది. నా ఒళ్లు భగ్గుమంది. ఊపిరి తీసుకున్నాను. మెల్లగా వదిలాను. "బాబూ, కాస్త ఆపు," అన్నాను.

నేనేదో అనడం ఆపరేటర్ చూశాడట. తిట్టు కాదు కదా, మంచినీళ్లు అడుగుతున్నానేమో అనుకున్నాడట. తొక్కేశాడు.

ఆస్పత్రిలో ఆపరేటర్ నా కాళ్ల మీద పడ్డాడు. "కొట్టన్నా, నీకు పుణ్యముంటుంది, నాలుగు తన్ను!"

లేపి కూర్చోబెట్టాను. "ఊరుకో, కావాలని చేశావా?" అన్నాను. ఆ గొంతు ఎవరిదోలా వినిపించింది.

తమ్ముడి కుడిచేతికి కట్టు కట్టారు. అందులో వేళ్లు లేవు.

"అన్నయ్యా, చెయ్యెందుకు పెట్టావురా గాడిదా అని ఒక్కసారి నన్ను తిట్టు. నువ్విలా ఉంటే భయమేస్తోంది."

నోరు తెరిచాను. లోపలంతా వెతికాను. కోపం లేదు, ఏడుపూ లేదు. తప్పు నాదేనని తెలుసు, అది కూడా ఎక్కడో దూరంగా ఉంది.

తమ్ముడు కాసేపు చూసి గోడవైపు తిరిగాడు. నాకు ఊపిరి మాత్రం బ్రహ్మాండంగా ఆడుతోంది.